వంగడం మంచిదేనా?

పాడిని చూచి బర్రెను, తల్లిని చూచి పిల్లను తీసుకోవాలని మన పెద్దల సామెత. కోయంబత్తూరు పల్లెల్లోనూ మదురై పాత వీధుల్లోనూ తెలుగు మాట్లాడే ఇళ్ళలో పెళ్ళి సంబంధాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. తెలుగు అక్షరాలు రాని ఇళ్ళలో కూడా ఈ సామెత మాత్రం తెలుగులోనే నిలిచి ఉంది. దీని వెనుక ఉన్న నమ్మకం చిన్నది కాదు. కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని, నిన్నటిదాన్ని బట్టి రేపటిదాన్ని లెక్క కట్టవచ్చుననే నమ్మకం అది. ఆ లెక్క ఎంతవరకు న్యాయం, ఎక్కడికి వెళ్ళేసరికి అన్యాయమవుతుంది అన్నదే ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచిన విషయం.

ఈ చిక్కుకు ఒక ఆనవాలు మన భాషలోనే ఉంది. 'వంగడం' అనే మాటను ఈనాడు వ్యవసాయ పత్రికలు పైరు రకం అనే అర్థంలో వాడుతున్నాయి. కొత్త కంది వంగడం, తెగులు తట్టుకునే మినుము వంగడం అని రాస్తారు. పాత నిఘంటువు తీసి చూస్తే అదే మాటకు వంశం, కులం అనే అర్థాలు కనిపిస్తాయి. మనుషుల వంశాలకు వాడిన మాటనే విత్తనాలకు ఇచ్చామన్నమాట. మాటతో పాటు తీర్పు చెప్పే తీరు కూడా అటూ ఇటూ నడిచింది. విత్తనాన్ని ఎంచినట్టు మనిషిని ఎంచవచ్చునా? అసలు విత్తనాన్నయినా మనం అనుకునే పద్ధతిలోనే ఎంచుతారా?

నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ఉద్యోగంలో చాలా భాగం పంట రుణాల కాగితాలు చూస్తూ గడిపినవాణ్ణి. అయితే కోయంబత్తూరులో ఉండేవాడికి పైర్ల శాస్త్రం కొంతైనా చెవిన పడక మానదు. మద్రాసు సైదాపేటలో 1868లో మొదలైన వ్యవసాయ పాఠశాల గత శతాబ్దం మొదట్లో ఈ ఊరికి తరలివచ్చింది. 1971లో అది తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం అయింది. ఇక్కడ పుట్టిన రకాల పేర్ల ముందు 'కో' అని ఉంటుంది. మదురైలో వ్యవసాయ కళాశాల 1965లో వచ్చింది. పుదుక్కోట్టై జిల్లా వంబన్‌లో పప్పుధాన్యాలకే ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం ఉంది. బ్యాంకుకు వచ్చే ఖాతాదార్లలో శాస్త్రజ్ఞులూ ఉండేవారు, వారి పరిశోధన మళ్ళలో కలుపు తీసే కూలీలూ ఉండేవారు. పప్పుధాన్యాల శాస్త్రజ్ఞుడొకరు ఒకసారి నాతో అన్న మాట మనసులో ఉండిపోయింది. "సార్, ఈ లైను మంచిదా అని అడక్కండి. ఎక్కడ మంచిది, దేనికి మంచిది అని అడగండి" అన్నాడాయన. ఆ మాటలో ఉన్న లోతు తర్వాత తర్వాత చదువుకుంటూ పోగా తెలిసింది.

వంశపారంపర్యాన్ని గురించి మనిషి నేర్చుకున్న తొలి పాఠాలు చాలావరకు కాయ కాసే ఈ పప్పుజాతి మొక్కల దగ్గరే నేర్చుకున్నాడు. మెండెల్ బఠాణీ మొక్కలతో చేసిన పరిశోధన 1866లో అచ్చయింది. పొడుగు మొక్కనూ పొట్టి మొక్కనూ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడుగే వచ్చాయి. వాటి సంతానంలో మాత్రం ఇంచుమించు నాలుగింట ఒకటి మళ్ళీ పొట్టిది. పొట్టితనం ఎక్కడికీ పోలేదు, ఒక తరం పాటు దాగి ఉందంతే. 1903లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహాన్సెన్ చిక్కుడు జాతి గింజలతో ఇంకో సంగతి తేల్చాడు. ఒకే గింజ సంతతిలోంచి బరువైన గింజలను వేరుగా, తేలికైన గింజలను వేరుగా ఏరి విత్తాడు. పంట చేతికి వచ్చేసరికి రెండింటి సగటు బరువూ ఒక్కటే. ఆ గింజల మధ్య కనిపించిన తేడా నేల వల్ల, తడి వల్ల, కాయలో గింజ ఉన్న చోటు వల్ల వచ్చింది గాని బీజంలో ఉన్నది కాదు. 1909లో ఆయనే లోపలి బీజసంపదకు జీనోటైప్ అనీ, పైకి కనిపించే రూపానికి ఫీనోటైప్ అనీ పేర్లు పెట్టాడు. ఒకేలా కనిపించేవాటిలో తేడా ఉండవచ్చునని మెండెల్ చూపాడు. వేరుగా కనిపించేవాటిలో తేడా లేకపోవచ్చునని యోహాన్సెన్ చూపాడు. కంటిచూపు మీద తీర్పు చెప్పేవాడికి ఈ రెండు పాఠాలూ చాలు.

కనుక పొలంలో విరగకాసిన చెట్టును చూసి, ఇదే గొప్పదని ఏ శాస్త్రజ్ఞుడూ అనడు. ఆ చెట్టు కాలవ గట్టున ఉండి ఎక్కువ తడి తాగి ఉండవచ్చు. పక్క చెట్లు చచ్చిపోయి దానికి చోటూ ఎండా దొరికి ఉండవచ్చు. అందుకని దాని గింజలను వేరుగా ఒక సాలులో విత్తి సంతతిని చూస్తారు. తర్వాత ఒక్కో లైనును మూడు నాలుగు మళ్ళలో, చీట్లు తీసినట్టు చోట్లు మార్చి విత్తుతారు. రైతులకు బాగా తెలిసిన పాత రకాన్ని పోలిక కోసం మధ్యలో పెడతారు. చెట్టుకు కాయలెన్ని, కాయకు గింజలెన్ని, 100 గింజల బరువెంత, పూత ఎన్నో రోజున వచ్చింది అని రాసుకుంటారు. ఒక ఏడు చాలదు, ఒక ఊరు చాలదు. సంకరం చేసిన నాటి నుంచి రకంగా విడుదలయ్యేదాకా పదేళ్ళు పట్టడం మామూలే. ఒక మినుము మొక్క మీద తీర్పు చెప్పడానికి ఇంత ఓపిక పట్టే మనిషి, తన బిడ్డ సంగతి మాత్రం పదో తరగతి మార్కుల కాగితం చూసి ఒక్క పూటలో తేల్చేస్తాడు.

ఇంకో చిత్రం ఉంది. సంకరానికి తల్లిదండ్రులుగా ఏ లైన్లు పనికివస్తాయో వాటి సొంత దిగుబడిని బట్టి నిర్ణయించరు. ఒక్కోదాన్ని అనేక లైన్లతో కలిపి, పుట్టిన సంతానాలన్నిటి సగటు చూస్తారు. దీనిని సంయోజన సామర్థ్యం అంటారు. స్ప్రేగ్, టేటమ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1942లో మొక్కజొన్న మీద ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చారు. ఈనాడు కందికీ పెసరకూ మినుముకూ అదే పద్ధతి. ఎవరితో కలిసినా మంచి సంతానాన్నివ్వడం ఒక గుణం, ఫలానా దానితో కలిస్తే మాత్రమే రాణించడం వేరొక గుణం. సొంతంగా బాగా కాసేది తల్లిగా పనికిరాకపోవచ్చు. సాదాగా కనిపించేది గొప్ప సంతానాన్నివ్వవచ్చు. తల్లిని చూచి పిల్లను అన్నారు పెద్దలు. శాస్త్రం దాన్ని తిరగవేసి, పిల్లలను చూచి తల్లిని అంటోంది. అది కూడా ఒక్క పిల్లను కాదు, అనేక పిల్లలను, అనేక చోట్ల చూచిన తర్వాతే.

ఇక చోటు సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ ఇక్కడి కావేరి డెల్టాలోనూ వరి కోతకు కొద్ది రోజుల ముందు, తడి ఆరని మాగాణిలోనే మినుము, పెసర చల్లుతారు. దున్నడం లేదు, నీరు కట్టడం లేదు. మిగిలిన తడితోనూ మంచుతోనూ ఆ పైరు కాయాలి. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్.బి.జి. 17, తంజావూరు సీమలో ఆడుదురై ఇచ్చిన ఎ.డి.టి. 3 అటువంటి మాగాణులకు పేరుపొందిన మినుము రకాలు. ఆ పరీక్షలో మొదట నిలిచిన లైను కోవిల్‌పట్టి నల్లరేగడిలో వానాధారంగా విత్తినా మొదటే నిలవాలని ఏమీ లేదు. చోటు మారితే లైన్ల వరుస మారిపోవడాన్ని లెక్క కట్టడానికి వేరే గణితమే ఉంది. కొన్ని లైన్లు అన్నిచోట్లా మధ్యస్థంగా ఉంటాయి. కొన్ని మంచి నేల దొరికితేనే విజృంభిస్తాయి. కొన్ని మిగతావన్నీ చచ్చేచోట బతుకుతాయి.

ఆ బతికే గుణాన్ని కనిపెట్టడానికి తెగులు మళ్ళనే ప్రత్యేకంగా పెంచుతారు. కందికి వచ్చే ఎండు తెగులు నేలలో ఉండే శిలీంధ్రం వల్ల వస్తుంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో, ఆ తెగులు నిండిన మడిని పనిగట్టుకుని కాపాడి అందులో కంది లైన్లను విత్తి చూశారు. నాటు కందిలోంచి ఏరిన ఐ.సి.పి. 8863 అనే లైను తెగులును తట్టుకుని నిలబడింది. అదే 'మారుతి' అనే పేరుతో 1986లో కర్ణాటకలో విడుదలయింది. తెగులు లేని మడిలో మాత్రమే చూసి ఉంటే దాని విలువ ఎవరికీ తెలిసేది కాదు. శనగ సంగతి కూడా ఇటువంటిదే. అది చలి కోరే ఉత్తరాది పంట అనే అభిప్రాయం చాలాకాలం ఉండేది. 1999లో విడుదలైన జె.జి. 11 వంటి రకాలు త్వరగా పండి, ఎండలు ముదిరేలోగా చేతికి వచ్చి, కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్ళను శనగ సీమలు చేశాయి. పంట పాతదే, నేల పాతదే. ఆ నేలకు తగిన లైను దొరికింది. తాతముత్తాతలు వలస వచ్చిన కుటుంబాల వాళ్ళం గనుక ఈ ఉదాహరణను మనం కొంచెం ప్రేమగానే చదువుకోవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చెప్పకుండా ముందుకు పోలేను. ఒక గుణంలో కనిపించే తేడాలో వంశం పాలు ఎంత అన్నదాన్ని శాస్త్రజ్ఞులు ఒక సంఖ్యగా కడతారు. పప్పుధాన్యాల్లో గింజ బరువుకు ఈ సంఖ్య సాధారణంగా ఎక్కువ, మొత్తం దిగుబడికి తక్కువ. చాలామంది దీన్ని ఒక మొక్కకు సంబంధించిన సంఖ్య అనుకుంటారు. అది ఒక గుంపుకు, ఒక పొలానికి, ఒక కాలానికి సంబంధించినది. పొలం ఎగుడుదిగుడుగా ఉండి ఒక మూల నీరు, ఒక మూల రాళ్ళు ఉంటే పంటలో తేడాలు ఎక్కువగా పొలం వల్లనే వస్తాయి. పొలాన్ని చదును చేసి అందరికీ సమానంగా నీరు పెడితే మిగిలిన తేడాలో విత్తనం పాలు పెరుగుతుంది. విత్తనాలు అవే, సంఖ్య మారింది. దీని నీతి నాకు ఇలా తోస్తుంది: పొలాన్ని చదును చేయనివాడికి విత్తనాన్ని నిందించే హక్కు లేదు.

పరీక్షలో ఓడిన లైన్లను ఏం చేస్తారని అడిగాను ఒకసారి. రైతుకు ఇవ్వరు, అంతే. వాటిలో అరుదైన గుణం ఉన్నవాటిని, నాటు రకాలను, అడవి జాతులను చల్లని గదుల్లో భద్రపరుస్తారు. ఇక్రిశాట్ విత్తన భాండారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు కలిపి 1,20,000కు పైగా నమూనాలు ఉన్నాయి. ఎందుకింత శ్రమ అంటే, రేపు ఏ ప్రశ్న వస్తుందో ఈనాడు తెలియదు గనుక. ఒడిశా, బస్తర్ వైపు అడవుల్లో పెరిగే కజానస్ కజానిఫోలియస్ అనే అడవి కంది ఉంది. దిగుబడి పోటీకి పెడితే అది చిట్టచివర నిలుస్తుంది. పుప్పొడి పనిచేయని కంది లైన్లు కావలసి వచ్చినప్పుడు ఆ అడవి కంది వైపునుంచే ఆ గుణం దొరికింది. ఆ ఆధారం మీద వచ్చిన సంకర కంది ఐ.సి.పి.హెచ్. 2671 మధ్యప్రదేశ్‌లో 2010లో విడుదలయింది.

ఇలా దాచడం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. రష్యాలో వావిలోవ్ అనే మహాశాస్త్రజ్ఞుడు ప్రపంచమంతా తిరిగి విత్తనాలు పోగుచేశాడు. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి వరకు జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు ఆ భాండారంలో ఉన్నవాళ్ళు ఆకలితో చనిపోయారు గాని విత్తనాలు వండుకోలేదు. వేరుశనగ నిపుణుడు షుకిన్ తన రాతబల్ల దగ్గరే కన్నుమూశాడు. తమ కళ్ళతో చూడబోని పంట కోసం వాళ్ళు చేసిన పని అది.

ఇంతవరకు విత్తనం కథ. దీన్ని మనుషుల దగ్గరికి తెచ్చినవాడు డార్విన్‌కు బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన ప్రయోగం కూడా పప్పుజాతి మొక్కతోనే మొదలయింది. 1875లో ఆయన స్వీట్ పీ గింజలను పరిమాణం ప్రకారం వేరుచేసి స్నేహితులకు పంపి పెంచమన్నాడు. పెద్ద గింజల సంతానం పెద్దవే గాని తల్లి గింజలంత పెద్దవి కావు. చిన్నవాటి సంతానం అంత చిన్నవి కావు. రెండూ సగటు వైపు జరిగాయి. ఇంత చక్కని సత్యం కనిపెట్టిన ఆయనే 1883లో 'యూజెనిక్స్' అనే మాట పుట్టించి, మేలైన మనుషుల సంతానం పెరగాలి, తక్కినవారి సంతానం తగ్గాలి అన్న సిద్ధాంతాన్ని లోకానికి ఇచ్చాడు.

ఆ సిద్ధాంతం పుస్తకాల్లో ఆగలేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం కేరీ బక్ అనే యువతికి బలవంతంగా సంతానం కలగకుండా చేయడం న్యాయమేనని 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తల్లి మందబుద్ధి, ఈమె మందబుద్ధి, ఈమె పసిబిడ్డ కూడా మందబుద్ధి అన్నది వాదన. ఆ బిడ్డ తర్వాత బడిలో చేరి మంచి విద్యార్థుల జాబితాలోకి ఎక్కింది. ఎనిమిదేళ్ళ వయసులో జబ్బుచేసి చనిపోయింది. అమెరికాలో అటువంటి చట్టాల కింద 60,000 మందికి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. 1933లో జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం చేసిన చట్టం కింద దాదాపు 4 లక్షల మందికి జరిగాయి. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఒక మినుము లైనుకు ఇచ్చే మూడు మళ్ళు, నాలుగేళ్ళ గడువు కూడా కేరీ బక్ బిడ్డకు ఇవ్వలేదు.

అలాగని వంశమే అబద్ధమంటే అదీ ఆపదే. రష్యాలో లైసెంకో ఆ మాటే అన్నాడు. విత్తనంలో ఏమీ లేదు, పెంపకమే సమస్తం అన్నాడు. ఆ వాదానికి ప్రభుత్వం అండ దొరికింది. 1940లో వావిలోవ్‌ను అరెస్టు చేశారు. 1943లో ఆయన సరతోవ్ జైలులో మరణించాడు. విత్తనాలు దాచినవాళ్ళు ఒకచోట ఆకలితో పోతే, ఆ విత్తనాలు తెచ్చినవాడు ఇంకోచోట జైలులో పోయాడు. మన ఇళ్ళలోనూ ఇటువంటి కళ్ళు మూసుకోవడం ఉంది. మేనమామకు మేనకోడలినిచ్చే ఆచారం మనలో తరాలుగా ఉంది. దగ్గర రక్తసంబంధంలో కొన్ని జబ్బులు బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు చెప్పేది వంశశాస్త్రమే. మినుము తన పుప్పొడితో తానే కాసి చక్కగా ఉంటుంది గదా అనడానికి లేదు. ఎన్నో తరాలుగా అలా కాస్తూ వచ్చి చెడు గుణాలను చాలావరకు వదిలించుకున్న పైరు అది. మనిషి అలాంటివాడు కాడు. పెళ్ళికి ముందు వైద్యుణ్ణి అడగడం తెలివైన పని. అందులో ఎవరికీ అవమానం లేదు.

మరి గీత ఎక్కడ గీయాలి? నా మటుకు నాకు తేడా తెలివిలో లేదు, హక్కులో ఉంది. కంది చెట్టు ఎంత కాయాలో నిర్ణయించింది శాస్త్రజ్ఞుడు. గింజ తెల్లగా ఉండాలా, ఎర్రగా ఉండాలా, 120 రోజులకు పండాలా, 180 రోజులకా అన్నది మన అవసరం. చెట్టుకు ఆ ఉద్దేశంలో వాటా లేదు, దాన్ని అడిగే పనీ లేదు. మనిషి అలా కాదు. తన బతుకు దేనికన్నది తాను కూడా నిర్ణయించుకుంటాడు. ఏ కొలబద్దతో కొలవాలన్న ప్రశ్నలో కొలవబడేవాడికి గొంతు ఉన్నప్పుడు, వేరొకరు తెచ్చిన బద్దతో మొత్తం మనిషి మీద తీర్పు చెప్పడం దొంగతనంతో సమానం.

అయితే లోకం తీర్పులు చెప్పకుండా నడుస్తుందా అని అడగవచ్చు. నడవదు. బ్యాంకులో మేము రోజూ చేసేది అదే. కానీ రుణం కాగితం మీద మేము చెప్పేది ఒక పనికి, ఒక మొత్తానికి, ఒక గడువుకు సంబంధించిన మాట. అది మనిషి మీద తీర్పుగా మారిన చోటే అన్యాయం మొదలవుతుంది. పట్టా ఉందా, తండ్రి ఆస్తి ఎంత, జామీను ఎవరు అని అడిగే కాలంలో ఏమీ లేని ఆడవాళ్ళు బ్యాంకు గడప ఎక్కేవారు కాదు. 1992లో నాబార్డు 500 స్వయం సహాయక సంఘాలతో కొత్త పద్ధతిని పరీక్షకు పెట్టింది. పట్టా అడగలేదు, వారం వారం పొదుపు చేశారా, సంఘంలో తీసుకున్న అప్పు సంఘానికి కట్టారా అన్నది చూశారు. పనికిరారని పక్కన పెట్టినవాళ్ళే వాయిదాలు తప్పకుండా కట్టారు. మనుషులు వాళ్ళే. ప్రశ్న మారింది, పొలం మారింది.

ప్రశ్న తప్పయితే ఎంత క్రూరం జరుగుతుందో మన రాష్ట్రానికి తెలియనిది కాదు. ఆడపిల్ల దిగుబడి లేని లైను అనే లెక్క వల్లనే 1992లో తమిళనాడు ప్రభుత్వం సేలం జిల్లాలో 'తొట్టిల్ కుళందై' పథకం పెట్టవలసి వచ్చింది. 1994లో పార్లమెంటు లింగ నిర్ధారణను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. ఇప్పుడు ఆ లెక్క కొత్త వేషంలో వస్తోంది. 2001లో ముగ్గురు శాస్త్రజ్ఞులు పుట్టబోయే పశువు, మొక్క సత్తాను జన్యు గుర్తుల నుంచే అంచనా కట్టే గణితాన్ని ప్రకటించారు. పైరుల పెంపకంలో అది గొప్ప సాయం. ఏళ్ళ పని తగ్గుతుంది. ఆ తరహా గణితంతోనే అమెరికాలో కొన్ని సంస్థలు పిండాలకు మార్కులు వేసి తల్లిదండ్రులకు అమ్ముతున్నాయి. మన పిల్లలెందరో అక్కడ కాపురముంటున్నారు. రేపు ఫోనులో, నాయనా, రెండో పిండానికి మార్కులు ఎక్కువట, ఏం చేయమంటావు అని అడిగితే మనం ఏం చెబుతాం? ప్రాణాంతకమైన జబ్బును తప్పించడం వేరు, బిడ్డకు దిగుబడి ఎంచడం వేరు అని చెప్పగలగాలి. ఆ మాట అప్పటికప్పుడు తోచదు. ఇప్పటినుంచే ఆలోచించి ఉండాలి.

మన గొప్పలను కూడా ఈ తూకంలో వేయాలి. సభల్లో మనవాళ్ళు మాట్లాడితే వ్యవసాయం మన రక్తంలో ఉంది, యంత్రం మన రక్తంలో ఉంది అంటారు. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారి పేరు తప్పకుండా వస్తుంది. నిజమే, బడి చదువు పెద్దగా లేని ఆయన బస్సులు నడిపి, యంత్రాలు చేసి, పత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశారు. కానీ ఆ రక్తమే ఉన్న వేలమంది అదే కాలంలో అదే మట్టిలో అప్పులతో సతమతమయ్యారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు రాకపోతే ఈ ఊరి మిల్లులూ మోటార్లూ ఎక్కడుండేవి? మిల్లులో రాత్రి పాళీ చేసిన కూలీల చేతుల్లో ఎవరి రక్తం ఉంది? గొప్పవారిని తలచుకోవడం మంచిదే. వంగడం గొప్పదని చెప్పుకోవడంలో మాత్రం పక్కవాడి వంగడం తక్కువన్న మాట దాగి ఉంటుంది. ఆ దాగిన మాటే ఏదో ఒక తరంలో తల ఎత్తుతుంది, మెండెల్ పొట్టి బఠాణీలా.

చివరగా మన భాష. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన చుట్టాలు మన మాట విని, ఇదేం తెలుగు అని నవ్వడం మనకు అలవాటే. విజయవాడ మడిలో పెట్టి తూస్తే ఈ తెలుగు దిగుబడి తక్కువే కావచ్చు. కానీ ఇది 1529లో మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైన కాలం నుంచి అరవం నడుమ, కొలువు పోయాక కూడా, వానాధారంగా నిలిచిన నాటు రకం. 2006 నాటి తమిళ అధ్యయన చట్టం తర్వాత బడిలో దానికి ఉన్న కాస్త తడి కూడా తగ్గింది. అయినా వంటింట్లో బతికి ఉంది. చుట్టాల నవ్వుకు నొచ్చుకునే మనమే, తెలుగు చదవలేని మన పిల్లలను చూసి వీళ్ళు పనికిరారని అంటున్నాం. వాళ్ళకు ఏ మడి ఇచ్చాం, ఎన్ని తడులు పెట్టామని ముందు అడుగుకోవాలి. చెవికి తెలుగు తెలిసి కంటికి తెలియని పిల్ల, చల్లని గదిలో దాచిన విత్తనం లాంటిది. మొలకెత్తే శక్తి పోలేదు.

కనుక తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు మూడు సంగతులు పాటిస్తే చాలుననిపిస్తుంది. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో ముందే పైకి చెప్పాలి. ఏ నేలలో, ఎన్నాళ్ళు చూసి చెబుతున్నామో కూడా చెప్పాలి. ఓడినదాన్ని పారేయకుండా దాచాలి. విత్తనాల విషయంలో ఈ మూడూ మంచి పద్ధతి. మనుషుల విషయంలో వీటికి నాలుగోది ఒకటి కలుస్తుంది: కొలవబోయే ముందు ఆ మనిషిని అడగాలి.